రసాయనశాస్త్రాన్ని చదవడం ఎట్లా?

తెలుగు అధ్యాపకుడు రసాయనశాస్త్రాన్ని గురించి వ్యాసం వ్రాయడమేమిటని ఈ సంచికను చేతబట్టిన మిత్రులు కొందరు ఆశ్చర్యపడవచ్చును. కుమ్మరి వీధిలో కమ్మరి దుకాణం పెట్టినట్లున్నదని నవ్వుకొన్నా నేను తప్పు పట్టను. అయితే ఈ సాహసానికి రెండు కారణాలున్నవి.

మొదటి కారణం నా బల్లమీదికి వచ్చే కాగితాలు. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం విద్యార్థుల బాధ్యత చూస్తున్నందున, త్రైమాసిక పరీక్షల ఫలితాలు వెలువడిన వారం రోజులలోపు గ్రూపు మార్పు కోరే దరఖాస్తులు నా వద్దకు వస్తాయి. ఎం.పి.సి. నుండి సి.ఇ.సి.కి, బై.పి.సి. నుండి హెచ్.ఇ.సి.కి. కారణం వ్రాయవలసిన చోట పలువురు వ్రాసే మాట ఒక్కటే: ‘కెమిస్ట్రీ అర్థం కావడం లేదు’. రెండవ కారణం నా సొంత కథ. నేను కూడా ఒకప్పుడు ఎం.పి.సి. విద్యార్థినే. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియెట్‌లో ఆంగ్ల మాధ్యమంలో చేరి, మోల్ నిర్వచనాన్ని పద్యంవలె కంఠస్థం చేసి, దానిని గురించి ఒక చిన్న లెక్క అడిగితే తెల్లకాగితం ఇచ్చి వచ్చినవాడిని. తెలుగుపై మమకారంతో బి.ఎ.లో చేరానని అందరితో చెప్పేవాడిని. అది సగం నిజం. మిగిలిన సగం భయం.

పోయిన సంవత్సరం ఒక విద్యార్థిని అటువంటి దరఖాస్తుతోనే వచ్చింది. సంతకం చేయబోతూ, ‘ఏది అర్థం కాలేదమ్మా?’ అని అడిగాను. ‘సార్, క్షయకరణం అంటే ఏదో తగ్గాలి కదా? పుస్తకంలో ఎలక్ట్రానులు చేరడమే క్షయకరణమని ఉన్నది. చేరితే పెరిగినట్లు కదా?’ అన్నది. తెలుగు చదువుకొన్న నాకు ఆ పదంలో క్షయమే కనబడింది గాని సమాధానం కనబడలేదు. ఇద్దరమూ కలిసి మా రసాయనశాస్త్ర అధ్యాపకులవద్దకు వెళ్ళాము. వారు పది నిమిషాలలో విప్పి చెప్పారు. ఆ సమాధానం ముందు ముందు చెబుతాను. ఆ రోజు నాకు తోచినదేమనగా, ఈ అమ్మాయికి లోపించినది తెలివి కాదు. ఇంత మంచి ప్రశ్న వేయగలిగినది తెలివి లేనిది ఎట్లా అవుతుంది? ఆమెకు లోపించినది ఈ శాస్త్రాన్ని చదివే పద్ధతి. తరువాత సహాధ్యాపకుల సహాయంతో పాఠ్యపుస్తకాన్ని మళ్ళీ మొదటినుండి చదివాను. ఆ చదువులో నేర్చుకొన్నదే ఈ వ్యాసం.

1. కష్టం ఎక్కడున్నది?

పదవ తరగతిలో రసాయనశాస్త్రం భౌతికశాస్త్రంతో కలిసి ఒకే పుస్తకంలో ఇమిడి ఉంటుంది. ఇంటర్మీడియెట్‌లో అది స్వతంత్ర విషయమై, పరమాణు నిర్మాణం, రసాయన బంధం, ఉష్ణగతిక శాస్త్రం, సమతాస్థితి, కర్బన రసాయనం అంటూ ఒక్కసారిగా విస్తరిస్తుంది. పుటలు పెరగడం ఒక్కటే కష్టమైతే మరికొన్ని గంటలు చదివితే సరిపోయేది. అసలు కష్టం మరొక చోట ఉన్నది.

గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన జాన్‌స్టన్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు 1991లో ఒక వ్యాసంలో ఈ చిక్కును చక్కగా వివరించాడు. రసాయనశాస్త్రం ఏకకాలంలో మూడు అంతస్తులలో నడుస్తుంది. ఒకటి కంటికి కనబడేది. రెండవది కంటికి కనబడని పరమాణువుల, అణువుల లోకం; దానిని మనస్సులో ఊహించుకోవలసిందే. మూడవది కాగితంపై వ్రాసే సంకేతాలు, సమీకరణాలు. అధ్యాపకునికి ఈ మూడూ పరిచితమే కాబట్టి ఒకే వాక్యంలో మూడింటిలోనూ సంచరిస్తాడు. కొత్త విద్యార్థి మాత్రం మెట్లు కనబడక మూడవ అంతస్తులోని సంకేతాలను పట్టుకొని వేలాడుతాడు. దానికే బట్టీ అని పేరు.

ఒక చిన్న ప్రయోగం తీసుకొందాం. మైలుతుత్తం మీరు ఎరిగినదే. ఉర్దూలో నీలా థోథా అంటారు. దానిని నీటిలో కరిగిస్తే చక్కని నీలిరంగు ద్రావణం వస్తుంది. అందులో శుభ్రంగా గీకిన ఇనుప మేకును కొంతసేపు ఉంచితే, మేకుపై ఎర్రటి గోధుమరంగు పూత ఏర్పడుతుంది. ద్రావణపు నీలిరంగు తగ్గి క్రమంగా లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇది మొదటి అంతస్తు.

ఇక రెండవ అంతస్తు. ద్రావణంలో తిరుగుతున్న రాగి అయానులకు ఒక్కొక్కదానికి రెండు ధనావేశాలున్నవి. మేకు ఉపరితలంలోని ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రానులను వదలుకొని, తాను అయానుగా మారి నీటిలోనికి వెళ్ళిపోతుంది. ఆ రెండు ఎలక్ట్రానులను గ్రహించిన రాగి అయాను రాగి పరమాణువుగా మారి మేకును అంటుకొంటుంది. మూడవ అంతస్తులో ఇదంతా ఒక్క పంక్తి: ఇనుము, రాగి సల్ఫేటు కలిసి ఇనుప సల్ఫేటును, రాగిని ఇచ్చాయని సంకేతాలలో వ్రాస్తాము.

మూడవ పంక్తిని మాత్రమే వల్లించిన విద్యార్థికి రంగు ఎందుకు మారిందో తెలియదు. మూడూ తెలిసినవాడికి వల్లించే పనే లేదు. కాబట్టి మొదటి సూత్రం: పుస్తకంలో ఏ చర్య ఎదురైనా నోటుపుస్తకంలో మూడు పంక్తులు వ్రాయండి. ఏమి కనబడుతుంది? లోపల ఏమి జరుగుతుంది? దానిని ఎట్లా వ్రాస్తారు? రెండవ పంక్తి వ్రాయలేకపోతే మీకు ఆ చర్య ఇంకా తెలియదని అర్థం. అక్కడ ఆగి అధ్యాపకుని అడగండి.

2. మాటల మర్మం

రసాయనశాస్త్రంలో అపరిచితమైన మాటలకన్న పరిచితమైన మాటలే ఎక్కువ మోసం చేస్తాయి. కొత్త మాటను చూచినప్పుడు అర్థం తెలియదని మనకు తెలుసు. తెలిసిన మాటను చూచినప్పుడు అర్థం తెలుసుననుకొంటాము. ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

‘బలమైన ఆమ్లం’, ‘గాఢ ఆమ్లం’ అనే మాటలను చూడండి. వాడుక తెలుగులో రెండూ ఒకటేననిపిస్తుంది. శాస్త్రంలో కావు. నీటిలో ఆ ఆమ్లపు అణువులు ఎంత మేరకు అయానులుగా విడిపోతాయన్నది బలం. నీటిలో ఎంత ఆమ్లం కలిపామన్నది గాఢత. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఎన్ని నీళ్ళు పోసి పలుచన చేసినా అది బలమైన ఆమ్లమే. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఎంత గాఢమైనా బలహీన ఆమ్లమే. బలహీనమన్నారు కదా అని గాఢమైన ఎసిటిక్ ఆమ్లాన్ని చేతిపై పోసుకొంటే చర్మం కాలుతుంది. మాటను అపార్థం చేసుకొంటే మార్కులే కాదు, వేళ్ళు కూడా పోవచ్చును.

ఇక మా విద్యార్థిని ప్రశ్న. క్షయకరణంలో ఎలక్ట్రానులు చేరే మాట నిజమే. అయితే ఎలక్ట్రాను ఋణావేశం గలది. రెండు ధనావేశాలున్న రాగి అయానుకు రెండు ఎలక్ట్రానులు చేరితే దాని ఆవేశం రెండునుండి సున్నకు దిగుతుంది. క్షయమైనది ఎలక్ట్రానుల సంఖ్య కాదు, ఆక్సీకరణ సంఖ్య. పూర్వం ఖనిజంనుండి ఆక్సిజన్‌ను తొలగించి లోహాన్ని తీసేటప్పుడు బరువు తగ్గేది. ఆ తగ్గుదలనుండి ఆంగ్లంలో ‘రిడక్షన్’ అనే మాట పుట్టింది. మన క్షయకరణం దానికి అనువాదం. మాట పాతది, భావం పెరిగింది. ఈ సంగతి తెలిసిన తరువాత ఏది ఆక్సీకరణం, ఏది క్షయకరణం అని తడుముకోవలసిన అవసరం ఉండదు.

మన కళాశాలలో ఉర్దూ మాధ్యమంనుండి, తెలుగు మాధ్యమంనుండి వచ్చిన విద్యార్థులు ఒకే బల్లపై కూర్చొని ఆంగ్ల పదాలు వింటారు. దీనిని లోపమని భావించనక్కరలేదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినాళ్ళలో ఉర్దూలోనే విజ్ఞానశాస్త్రాలను బోధించింది. అందుకోసం అనువాద శాఖనే నెలకొల్పారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియెట్ శాస్త్ర గ్రంథాలను తెలుగులో ప్రచురించింది. అంటే ఈ శాస్త్రానికి కావలసిన మాటలు మన రెండు భాషలలోనూ ఉన్నవి. అంతేకాదు, ఆంగ్లంలోని ‘ఆల్కలీ’ అనే మాట అరబ్బీలోని ‘అల్ ఖలీ’నుండి వచ్చింది, కాల్చిన మొక్కల బూడిద అని దాని అర్థం. ‘ఆల్కహాల్’ అనే మాటకు మూలం ‘అల్ కుహ్ల్’, అనగా కంటికి పెట్టుకొనే సుర్మా. పరాయివనుకొన్న మాటలు కొన్ని మన ఇంటి పెట్టెలోనే ఉన్నవి.

కాబట్టి రెండవ సూత్రం: ఒక పదాల పుస్తకం పెట్టండి. ఆంగ్లపదాన్ని పలికినట్లుగా వ్రాసి, పక్కన తెలుగు, ఆ పక్కన ఉర్దూ వ్రాయండి. ఎలిమెంట్, మూలకం, ఉన్సుర్. కాంపౌండ్, సమ్మేళనం, మురక్కబ్. మాలిక్యూల్, అణువు, సాలిమా. ఈక్విలిబ్రియం, సమతాస్థితి, తవాజున్. నాలుగవ గడిలో నిర్వచనం కాక, ఆ మాటతో మీరు సొంతంగా కూర్చిన ఒక వాక్యం ఉండాలి. మీ భాషలో ఒక వాక్యం చెప్పలేని మాట మీకు రాదన్నట్లే.

3. సమీకరణం ఒక వాక్యం

సమీకరణాన్ని చిత్రంవలె చూచి జ్ఞాపకం పెట్టుకొనేవారు పెక్కుమంది. దానిని వాక్యంవలె చదవాలి. ఒక ఉదాహరణ తీసుకొని, దానినే చివరిదాకా పట్టుకొని వెళదాం. ఒక నైట్రోజన్ అణువు, మూడు హైడ్రోజన్ అణువులతో కలిసి, రెండు అమోనియా అణువులను ఇస్తుంది. రామగుండంలో 2021లో తిరిగి ఉత్పత్తి మొదలైన యూరియా కర్మాగారానికి గాని, పొలంలో యూరియా చల్లే రైతుకు గాని ఈ ఒక్క వాక్యమే ఆధారం. అమోనియా లేనిదే యూరియా లేదు.

ఈ వాక్యాన్ని లెక్కించి చూడండి. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులు. మూడు హైడ్రోజన్ అణువులలో ఆరు పరమాణువులు. అటువైపు ఒక్కొక్క అమోనియా అణువులో ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్ పరమాణువులు. రెండు అణువులలో కలిపి రెండు, ఆరు. ఉభయపక్షాలూ సరిపోయాయి. పరమాణువులు పుట్టవు, నశించవు, చోటు మాత్రం మారుతాయి. సమీకరణాన్ని తుల్యం చేయడమంటే ఇంతే.

ఇక్కడ విద్యార్థులు చేసే పెద్ద పొరపాటు ఒకటున్నది. లెక్క కుదరనప్పుడు సంకేతానికి ముందుండే అంకెను మార్చడానికి బదులు, సంకేతం లోపల అక్షరం పాదంలో ఉండే చిన్న అంకెను మార్చివేస్తారు. ముందున్న అంకె ఎన్ని అణువులో చెబుతుంది; పాదంలోని అంకె ఆ అణువు ఏదో చెబుతుంది. నీటి సంకేతంలో ఆక్సిజన్ పాదాన 2 చేర్చితే అది నీరు కానేకాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. గణాలు కుదరలేదని పద్యంలో రాముని పేరును సోమునిగా మార్చితే ఛందస్సు నిలుస్తుందేమో గాని కథ మారిపోతుంది.

4. మోల్ అనే కొలత

నన్ను శాస్త్రంనుండి తరిమినది ఈ మోలే. కాబట్టి దీనిపట్ల నాకు కొంత పంతం ఉన్నది.

కిరాణా దుకాణంలో బియ్యపు గింజలను ఎవరూ లెక్కపెట్టరు; తూచి ఇస్తారు. గుడ్లను మాత్రం డజనులుగా లెక్కిస్తారు. రసాయనశాస్త్రజ్ఞుని ఇబ్బంది ఏమంటే, చర్య జరిగేది లెక్కప్రకారం, ఆయన చేతిలో ఉన్నది త్రాసు. పరమాణువులను లెక్కించాలి, కాని తూచడం మాత్రమే వీలవుతుంది. తూకంనుండి లెక్కకు వేసిన వంతెన పేరే మోల్. డజను అంటే 12 అయినట్లు, మోల్ అంటే సుమారు 6.022 × 10²³. పూర్వం దీనిని 12 గ్రాముల కార్బన్-12లోని పరమాణువుల సంఖ్యగా నిర్వచించేవారు. 2019 మే 20 నుండి 6.02214076 × 10²³ అనే కచ్చితమైన సంఖ్యగానే స్థిరపరచారు.

ఇంత పెద్ద సంఖ్యను చూచి బెదరనవసరం లేదు. లెక్క చేసేటప్పుడు అది చాలాసార్లు తెరవెనుకనే ఉండిపోతుంది. 18 గ్రాముల నీరు ఒక మోల్, 58.5 గ్రాముల ఉప్పు ఒక మోల్; 28 గ్రాముల నైట్రోజన్ వాయువు ఒక మోల్; 2 గ్రాముల హైడ్రోజన్ వాయువు ఒక మోల్; 17 గ్రాముల అమోనియా ఒక మోల్. ఇక పై వాక్యాన్ని మళ్ళీ చదవండి: ఒక మోల్ నైట్రోజన్, మూడు మోల్‌ల హైడ్రోజన్‌తో కలిసి రెండు మోల్‌ల అమోనియాను ఇస్తుంది. గ్రాములలో 28, 6 కలిసి 34.

ఇప్పుడొక లెక్క. 14 గ్రాముల నైట్రోజన్, 6 గ్రాముల హైడ్రోజన్ ఉన్నవి. చర్య పూర్తిగా జరిగిందనుకొంటే ఎంత అమోనియా వస్తుంది? 20 గ్రాములని తొందరపడి చెప్పకండి. మొదట తూకాన్ని లెక్కలోనికి మార్చండి: నైట్రోజన్ అర మోల్, హైడ్రోజన్ మూడు మోల్‌లు. అర మోల్ నైట్రోజన్‌కు ఒకటిన్నర మోల్ హైడ్రోజన్ చాలు. కాబట్టి ముందుగా అయిపోయేది నైట్రోజన్. అది ఒక మోల్ అమోనియాను, అనగా 17 గ్రాములను ఇస్తుంది. ఒకటిన్నర మోల్ హైడ్రోజన్, అనగా 3 గ్రాములు, మిగిలిపోతుంది. సరిచూడండి: మొదట ఉన్నవి 20 గ్రాములు; చివర 17, 3 కలిపి 20. ముందుగా అయిపోయే పదార్థాన్ని పుస్తకాలలో పరిమిత కారకం అంటారు.

ఇందులో మూడే మెట్లున్నవి: తూకంనుండి మోల్‌కు, మోల్‌నుండి మోల్‌కు, తిరిగి మోల్‌నుండి తూకానికి. మధ్య మెట్టులో మాత్రమే సమీకరణంతో పని. ఏ లెక్కలోనైనా ప్రతి సంఖ్య పక్కన గ్రాములా, మోల్‌లా, లీటర్లా అన్నది వ్రాయండి. ఈ ఒక్క అలవాటుతో లెక్కలలో దొర్లే తప్పులు చాలావరకు మీకే కనబడతాయి.

5. ఆగినట్లు కనబడే చర్య

పై లెక్కలో ‘చర్య పూర్తిగా జరిగిందనుకొంటే’ అన్నాను. వాస్తవంలో అమోనియా చర్య పూర్తి కాదు. అమోనియా తయారవుతూ ఉండగానే కొంత అమోనియా విడిపోయి తిరిగి నైట్రోజన్, హైడ్రోజన్ అవుతూ ఉంటుంది. ఈ రెండు వేగాలు సమానమైన స్థితికే సమతాస్థితి అని పేరు.

ఇక్కడ రెండు అపోహలున్నవి. సమతాస్థితిలో చర్య ఆగిపోతుందనేది ఒకటి. ఇరుపక్కల పదార్థాలు సమానంగా ఉంటాయనేది మరొకటి. మన కళాశాల పఠనమందిరాన్ని ఊహించండి. లోపల 40 మంది, వరండాలో 10 మంది ఉన్నారు. నిమిషానికి నలుగురు లోపలికి వెళుతున్నారు, నలుగురు బయటికి వస్తున్నారు. దూరంనుండి లెక్కించేవానికి ఎప్పుడు చూచినా 40, 10. రాకపోకలు ఆగలేదు, సంఖ్యలు సమానం కాలేదు. సమానమైనవి రాకపోకల వేగాలు మాత్రమే.

1884లో లె షాటెలియే ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, సమతాస్థితిలో ఉన్న వ్యవస్థకు బయటినుండి మార్పు కలిగిస్తే, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశగా అది జరుగుతుంది. దీనిని వల్లించక అమోనియాకు అన్వయించండి. ఎడమవైపు మొత్తం నాలుగు అణువులు, కుడివైపు రెండు. పీడనం పెంచితే అణువులు తగ్గే కుడివైపుకు జరుగుతుంది, అమోనియా పెరుగుతుంది. రెండు మోల్‌ల అమోనియా ఏర్పడేటప్పుడు సుమారు 92 కిలోజౌళ్ళ వేడి వెలువడుతుంది. కాబట్టి ఉష్ణోగ్రత తగ్గిస్తే అమోనియా పెరగాలి. మరి కర్మాగారాలలో 400 నుండి 500 సెంటీగ్రేడు డిగ్రీల వేడి ఎందుకు? చల్లగా ఉంచితే చర్య మరీ నెమ్మదిస్తుంది కాబట్టి. ఎంత వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది అనే రెండు ప్రశ్నల మధ్య కుదిరిన రాజీ అది. ఇనుప ఉత్ప్రేరకం చర్యను త్వరపరుస్తుంది గాని సమతాస్థితిలో ఉండే అమోనియా పాలును పెంచదు. హేబర్ 1909లో ప్రయోగశాలలో సాధించినదానిని బాష్ 1913లో కర్మాగారస్థాయికి తెచ్చాడు. ఆ నడుమ నాలుగేళ్ళ శ్రమ ఉన్నది. ఒక పాఠం మనకు నాలుగు రోజులలో పట్టుబడలేదని నిరాశ చెందడం న్యాయం కాదు.

6. కర్బన రసాయనంలో ప్రకృతి ప్రత్యయాలు

కర్బన రసాయనంలోని పేర్లను చూచి భయపడేవారు వ్యాకరణాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవాలి. అక్కడ పదాన్ని ప్రకృతి, ప్రత్యయం అని విడదీసినట్లే ఇక్కడ కూడా విడదీయవచ్చును. మొదటి భాగం కార్బన్‌ల సంఖ్య చెబుతుంది: మిథ్ అంటే ఒకటి, ఎథ్ అంటే రెండు, ప్రొప్ అంటే మూడు, బ్యూట్ అంటే నాలుగు. చివరి భాగం జాతిని చెబుతుంది: ‘ఏన్’ అంటే ఏకబంధాలు, ‘ఈన్’ అంటే ద్విబంధం, ‘ఐన్’ అంటే త్రిబంధం, ‘ఓల్’ అంటే ఆల్కహాలు, ‘అల్’ అంటే ఆల్డిహైడు.

ఇందులో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. పెట్రోలులో కలిపే ఆల్కహాలును మన పత్రికలు ‘ఇథనాల్’ అని వ్రాస్తాయి. శాస్త్రరీత్యా అది ‘ఎథనోల్’. ‘ఎథనల్’ అనేది వేరొక పదార్థం, ఆల్డిహైడు. వాడుక వ్రాతలో రెండూ ఇంచుమించు ఒకే రూపం దాలుస్తాయి. కాబట్టి పేరు విన్న వెంటనే నిర్మాణాన్ని గీయండి. గీచిన తరువాతనే నమ్మండి. ఇక చర్యల విషయానికి వస్తే, ఎలక్ట్రానులు ఎక్కడ ఎక్కువగా ఉన్నవి, ఎక్కడ తక్కువగా ఉన్నవి అన్న ప్రశ్న ఒక్కటి వేసుకొంటే, వేరువేరుగా కనబడే పదిచర్యలలో ఒకే కదలిక కనబడుతుంది.

7. చదివే క్రమం

పద్ధతి తెలిసినా అలవాటు లేకపోతే ఫలితం శూన్యం. పరిశోధకులు ఈ విషయంలో కొన్ని సంగతులు చెప్పారు. 1885లోనే ఎబింగ్‌హౌస్ అనే జర్మను పండితుడు, నేర్చుకొన్న దానిలో చాలాభాగం తొలి గంటలలో, తొలి దినాలలోనే మరుపున పడుతుందని తనమీద తానే ప్రయోగాలు చేసి చూపాడు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు కళాశాల విద్యార్థులతో ప్రయోగాలు చేశారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికి అయిదు నిమిషాల తరువాత ఎక్కువ గుర్తున్నది. వారం తరువాత మాత్రం, పుస్తకం మూసి జ్ఞాపకంనుండి వ్రాసి చూచుకొన్నవారికే ఎక్కువ గుర్తున్నది. మళ్ళీ మళ్ళీ చదవడం మనకు ధైర్యాన్ని ఇస్తుంది. మూసి వ్రాయడం మనకు విద్యను ఇస్తుంది.

కాబట్టి ఈ క్రమాన్ని సూచిస్తున్నాను. తరగతికి ముందు పాఠాన్ని పది నిమిషాలు చూచి, తెలియని మాటల క్రింద గీత గీయండి. ఆ రాత్రి పుస్తకం మూసి, ఆ రోజు విన్నది అరపుటలో వ్రాయండి. తరువాత తెరిచి సరిచూడండి. మూడవ రోజు, వారం తరువాత, నెల తరువాత ఇదే మళ్ళీ చేయండి. ఒక్కొక్కసారి పది నిమిషాలు చాలు.

గైడులోని పరిష్కారాన్ని చదివి, అర్థమైందని పుట తిప్పడం ఆత్మవంచన. ఈత కొట్టేవానిని ఒడ్డున నిలబడి చూచినవానికి ఈత రాదు. పరిష్కారాన్ని కాగితంతో కప్పివేసి మొదటి పంక్తి మీరే వ్రాయండి. ఆగిపోతే ఒక్క పంక్తి మాత్రమే తెరిచి చూచి, మళ్ళీ కప్పి సాగించండి. మరునాడు అదే లెక్కను ఏ సహాయమూ లేకుండా చేయండి.

తప్పుల పుస్తకం ఒకటి ఉంచండి. ప్రతి తప్పు పక్కన అది మాట తెలియని తప్పా, భావం తెలియని తప్పా, కూడికలో తప్పా అన్నది వ్రాయండి. నెల తిరిగేసరికి మీ వ్యాధి ఏదో మీకే తెలుస్తుంది. చాలామంది కూడికలో తప్పు చేసి శాస్త్రం రాదనుకొంటారు. కొందరు శాస్త్రంలో తప్పు చేసి కూడికను నిందిస్తారు. వారానికొకసారి ముగ్గురు నలుగురు కలిసి కూర్చొని, ఒకరు గురువై మిగిలినవారికి ఒక అంశం చెప్పండి. ఉర్దూలో చెప్పండి, తెలుగులో చెప్పండి, చెప్పగలిగినదే వచ్చినది.

ప్రయోగశాలను మార్కుల కోసం వెళ్ళే గదిగా చూడకండి. మూడు అంతస్తులలో మొదటిది అక్కడే ఉన్నది. ఫలితాన్ని పక్కవాని రికార్డులోనుండి ఎక్కించుకొన్నవాడు మొదటి మెట్టునే అమ్ముకొన్నవాడు.

8. కళాశాల కమిటీ పెద్దలకు విన్నపం

విద్యార్థుల బాధ్యతను చెప్పి మన బాధ్యతను మరచిపోవడం న్యాయం కాదు. కమిటీ పెద్దలకు మూడు మనవులు. ఒకటి, మొదటి సంవత్సరం విద్యార్థులకు తొలి మూడు నెలలు వారానికొక గంట కేవలం లెక్కలు, ప్రశ్నల కోసం కేటాయించాలి. ఆ గంటలో కొత్త పాఠం చెప్పరాదు. రెండు, ఆంగ్ల, తెలుగు, ఉర్దూ పదాల పట్టికను అధ్యాపకులందరం కలిసి తయారుచేసి గ్రంథాలయంలో గోడకు పెట్టాలి. తెలుగు పదాల బాధ్యత నేను తీసుకొంటాను. మూడు, గ్రూపు మార్పు దరఖాస్తుపై సంతకానికి ముందు, ఆ విద్యార్థి సంబంధిత అధ్యాపకునితో ఒక్కసారైనా కూర్చొని మాట్లాడే ఏర్పాటు ఉండాలి. వీటికి ధనవ్యయం స్వల్పం.

ముగింపు

గ్రూపు మారడం నేరం కాదు. సాహిత్యం, చరిత్ర, వాణిజ్యం ఏవీ తక్కువ చదువులు కావు. నేను చదువుకొన్నది, అన్నం తింటున్నది తెలుగుతోనే. అయితే ఇష్టంతో ఒక ద్వారంలోనికి ప్రవేశించడం వేరు, భయంతో మరొక ద్వారంనుండి పారిపోవడం వేరు. పారిపోయినవాడు ఎక్కడున్నా వెనుకకు చూస్తూనే ఉంటాడు. నేను ఆ విధంగా చాలా ఏళ్ళు చూచాను.

క్షయకరణాన్ని గురించి అడిగిన ఆ అమ్మాయి దరఖాస్తు నా సొరుగులోనే ఉండిపోయింది. ఆమె తిరిగి అడగలేదు. వార్షిక పరీక్షలలో ఆమె అగ్రస్థానంలో నిలవలేదు. రసాయనశాస్త్రంలో ఉత్తీర్ణురాలయింది, రెండవ సంవత్సరంలో చదువుకొంటున్నది. ఈ మధ్య ఒక రోజు వరండాలో మొదటి సంవత్సరం పిల్లలిద్దరికి మోల్ అంటే ఏమిటో ఉర్దూలో చెబుతూ కనబడింది. నేను కొంచెం దూరంలో ఆగి విన్నాను. గ్రాములనుండి మోల్‌కు ఎట్లా రావాలో చెప్పింది. ఎక్కడా తప్పు లేదు.

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో ఎవరికైనా ఈ శాస్త్రంలో ఏదైనా అర్థం కాకపోతే, అర్థం కాలేదని ఊరుకొనక, ఏది అర్థం కాలేదో ఒక వాక్యంలో వ్రాసుకొని రండి. ఆ వాక్యం వ్రాయగలిగితే సగం పని అయినట్లే. మిగిలిన సగానికి మీ అధ్యాపకులు ఉన్నారు.